లావుపాటి కట్ట

ఉంగరం ఆరువందల పదకొండు, కత్తెర ఆరువందల పదమూడు
అని రాసి కాగితం ముందుకు జరిపాను.
రాత్రి ఎనిమిదిన్నర. కొండపి దాటి, పాలేరు అవతలి బడి.
కిటికీలోంచి పొగాకు బ్యారన్ల వాసన.
గేటు దగ్గర కత్తెర వాళ్లు
టపాసుల పెట్టె అప్పటికే విప్పేశారు.

"మళ్లీ ఎంచండి" అందామె.

పేరు మాలకొండమ్మ.
ఇరవై ఏళ్లుగా గ్రేడింగులో
ఆకు తడిమి రకం చెప్పే మనిషి.
గోళ్ల కింద పొగాకు జిగురు,
వేలి మీద పొద్దుటి సిరా,
రెండిట్లో ఏది ఎక్కువ నలుపో చెప్పలేను.

నేను లెక్కల మేష్టారిని.
ఎనిమిది ఎన్నికల డ్యూటీలు చేశాను,
నా లెక్క మళ్లీ ఎంచమన్నవాళ్లు లేరు.
కోపం వచ్చిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు.
వచ్చింది మరి.

"నోటితో అంటే కుదరదమ్మా, రాసివ్వాలి.
కారణం చూపించాలి" అన్నారు ఆఫీసరు గారు,
గడియారం వంక చూస్తూ.
ఆమె ఏజెంటు, అక్క కొడుకే, పెన్ను మూత కొరుకుతూ
"ఏం కారణం రాయను పిన్నమ్మా?"

"మా మూడో కట్ట లావుగుండాది. అదే రాయి."

గదంతా నవ్వింది.
తలుపు దగ్గరి కానిస్టేబులు నవ్వాడు. నేనూ నవ్వాను.
ఓట్లేమన్నా పొగాకు ఆకులా,
కంటితో కొలిచి చెప్పడానికి?

'ఉంగరం మూడవ కట్ట తక్కినవాటికన్న లావుగా ఉన్నందున
తిరిగి లెక్కించవలసినదిగా ప్రార్థన.'
ఆఫీసరు గారు రెండుసార్లు చదివారు.
నిబంధనల పుస్తకం తిరగేశారు.
లావు కారణం కాదని ఎక్కడా లేదు.
సంతకం చేశారు.

ఒక సంగతి దాచాను, చెప్పేస్తాను.
సాయంత్రం పెట్టెలోవి ఎంచినప్పటి మొత్తానికీ
కట్టలు కట్టాక వచ్చిన మొత్తానికీ ఒకటి తేడా.
అందరం అలిసిపోయి ఉన్నాం.
మొదటిసారి ఎక్కువ ఎంచి ఉంటాంలే అనుకుని
కొట్టేసి దిద్దాం.
దిద్దిన చెయ్యి నాదే.

రబ్బరు బ్యాండు తీశాను.
ఒకటి, రెండు, అని పైకి,
ఎదురుగా నాలుగు తలకాయలు వంగి,
టపాసుల కుర్రాళ్లు కిటికీకి అతుక్కుపోయి.
ఇరవై నాలుగు.
ఇరవై అయిదు.
చేతిలో ఇంకా ఒకటుంది.

నాలుగు మడతలు పడ్డ కాగితం,
ఉంగరం నడిమధ్యన, బొట్టు పెట్టినట్టు, ముద్ర.
ఎవరిదో. ఎవరిదైనా కావచ్చు.
పొద్దుటి నుంచి ఉండి కూడా లేని ఓటు.

వెనక నల్లబల్ల మీద ఆ బడి మేష్టారెవరో
శుక్రవారం వేసిన లెక్క చెరపలేదు.
జవాబు కింద 'సరిచూచుట' అని రాసి
పక్కన ఖాళీ వదిలేశాడు.
ఆ ఖాళీకి మా పిల్లల దగ్గర అర మార్కు కోసేవాణ్ణి.

మిగతా కట్టలన్నీ సరిపోయాయి, అటువీ ఇటువీ.
ఆరువందల పన్నెండు. ఒక్క ఓటుతో ఓడింది.
బయట టపాసులు పేలాయి.

"ముప్పై రోజుల్లో కోర్టుకు పోవచ్చంట పిన్నమ్మా."
"ఎందుకురా? ఇప్పుడు సరిపోయిందిగా."
"రెండైతే ఏంది, ఒకటైతే ఏంది, ఓడాక?"
ఆమె సంతకం పెడుతోంది, ఒక్కో అక్షరం ఒక్కో మెట్టులా.
చివరి 'మ్మ' అయ్యాక తల ఎత్తి
"రెండు కాదు గదరా" అంది.

నన్నొక్క మాట అనలేదు.
అని ఉంటే బాగుండేది.

వ్యానెక్కబోతూ అడిగాను, ఎట్లా తెలిసిందమ్మా అని.
"ఏమో సారూ. చూస్తానే అరచెయ్యి బరువెక్కింది."

సోమవారం మా బడిలో
తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు పేపర్లు,
నలభై ఒకటి ఉండాలి.
కట్ట ఎత్తి అరచేతిలో పెట్టుకు చూశాను,
పిల్లలు చూడకుండా, కాసేపు.
నా చేతికి ఏమీ తెలియలేదు.
కూర్చుని, ఒకటి నుంచి, ఎంచడం మొదలుపెట్టాను.