రిపేరు చీటీ

బడి నుంచి కాగితం వచ్చింది.
మూడో తరగతిలో పేన్లు పడ్డాయి, ఇళ్ళల్లో చూసుకోండి, అని.
ఎవరి తలలోంచి మొదలైందో రాయలేదు, మర్యాదకి.
పిక్రియా మాత్రం రియోని వంతెన పొడుగునా
ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో చెవి వెనక
గోక్కుంటూనే వచ్చింది.

మందుల షాపులో నురగ డబ్బా కొన్నాను.
దాని మీద నవ్వే పిల్లకి పుట్టాక పేను ముఖం తెలీదు.
రాసి, గుడ్డ చుట్టి, కడిగాను.
పేన్లు చచ్చాయి.
ఈపులు చావలేదు.
గోటితో లాగితే గోరే నొచ్చింది,
వాటికీ చుండ్రుకీ తేడా నా కళ్ళకి అందలేదు.

"ఇటు పంపు" అన్నాడు నాన్న.

కుతాయిసి తపాలా ఆఫీసు పక్కన
ఒక మనిషి కూచుంటే నిండిపోయే కొట్టులో
నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసినవాడు.
బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు, మరలకి పరిచినట్టే.
దీపం మెడ వంచాడు.
కంటికి భూతద్దం బిగించి
దాని ముందు పాపని కూచోబెట్టాడు.

"గుడ్డుకి కాలరుంది. వెంట్రుకకి తొడుక్కుని కూచుంది.
లాగకూడదు.
మొదట్లో పట్టుకుని కొసదాకా జార్చాలి."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊరంతా చీకటి.
కరెంటు వస్తే అర్ధరాత్రి వచ్చేది,
లేచి రొట్టె కాల్చేలోగా పోయేది.
సబ్బు లేదు. ఉన్నది కిరసనాయిలు.
పొయ్యికీ అదే, లాంతరుకీ అదే, నా తలకీ అదే.
రెండు రోజులు మంట.
మూడో రోజు కత్తెర, ఆ తర్వాత మంగలికత్తి.
జడ పొయ్యిలో వేశాడు.
ఏడవకు అని కూడా అనలేదు.
పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంటారు,
మా ఇంట్లో పేనుకి ఆ శ్రమ లేకపోయింది.
వసంతం దాకా రుమాలు విప్పలేదు నేను.
ఈయనతో కూడా ఏదో విప్పలేదు, ఇప్పటిదాకా.

"తాతా, దానికి గుండె ఉంటుందా?"
దొరికిన ఒక్క బతికున్నదాన్ని గుడ్డ మీద పెట్టి
భూతద్దం పిల్ల కంటికిచ్చాడు.
"లోపల ఎర్రగా కొట్టుకుంటోంది!"
"ఊఁ."
"ఎవరి రక్తం?"
"నీదే."
"అయితే అది కొంచెం నేనా?"
ఆగిపోయినవాటిని నడిపించడమే పనిగా బతికిన మనిషి
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత రెండు బొటనగోళ్ళ మధ్య
చిటుక్.

అలా రెండు గంటలు.
పిల్ల నిద్రలో పక్కకి ఒరిగితే
గడ్డం కింద అరచెయ్యి పెట్టి ఏరుతూనే ఉన్నాడు.
చివరికి తల ఎత్తకుండానే,
"ఎతేరీ, నువ్వూ రా."
"నాకేం లేవు."
"దాని పక్కన పడుకునేది ఎవరు మరి?"

చిన్నపిల్లల పీట. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.
వేళ్ళు పాపిట్లోకి వచ్చాయి, చల్లగా, నూనె వాసనతో.
మెడ దానంతటదే బిగుసుకుంది.
వంచడానికి కొంచెం సేపు పట్టింది.

"నెరిసిన వెంట్రుకల్లో ఈపి కనబడదు" అని గొణిగాడు.
ఇంకో పాయ తీశాడు.
ఇంకోటి.
"అప్పుడు వెలుతురు లేదు" అన్నాడు.
పాత గడియారం గురించి చెప్పినట్టే చెప్పాడు.
నేను ఊఁ అనలేదు, లేవనూ లేదు.

నా తలలో పదకొండు దొరికాయి. అన్నీ లెక్కపెట్టాడు.
"ఒక్కటి మిగిలినా వారంలో లేస్తుంది" అని
సొరుగులోంచి కొట్టు చీటీల కట్ట తీశాడు,
పసుపుపచ్చగా మాగినవి.
వస్తువు పేరు దగ్గర: పిక్రియా, ఎతేరి.
లోపం దగ్గర ఏమీ రాయలేదు.
తిరిగి ఇచ్చే తేదీ: ఆదివారం.
చించి నా చేతిలో పెట్టి, ఎప్పటి అలవాటో,
"చీటీ పోగొట్టుకోకు" అన్నాడు.