సన్యాసమ్మ పేరు మీద

తాళంచెవి దూరింది, తిరగలేదు.
"ఉప్పుగాలి కదమ్మా, చుక్క నూనె పోస్తే అదే తిరుగుతాది"
అంది ఎదురు వాటా వరహాలు.
ఇరవై ఏళ్ల వాయిదాలకి ముప్పై ఏడు సంతకాలు పెట్టొచ్చిన చేత్తో
ఆవిడ దగ్గరే చిన్న గిన్నెడు నూనె పుచ్చుకున్నాను.
సొంతింట్లో అడుగు పెట్టకముందే
ఇంకో అప్పు.

ఆ వారమంతా జిరాక్సులు.
ఆధార్ రెండు, ఫొటోలు నాలుగు, దస్తావేజు నకలు,
పాత కరెంటు బిల్లు.
బిల్లు మీద పేరు బోణి సన్యాసమ్మ.
మార్చాలంటే ఆవిడ సంతకం కావాలన్నారు మర్రిపాలెం ఆఫీసులో.
ఆవిడ లేరండీ అన్నాను.
లేరని కాగితం తెమ్మన్నారు.
కాగితం నాకు ఇల్లమ్మిన మేనల్లుడి దగ్గరుంది,
మేనల్లుడు వేటబోటు మీదున్నాడు,
బోటు పారాదీప్ దాటింది.
"అందాకా ఆవిడ పేరునే కట్టుకోండి,
కరెంటుకి పేరుతో పనేముంది" అన్నాడు గుమాస్తా,
తనేమన్నాడో తనకే వినపడనట్టు.

కాంప్లెక్సులో రిజర్వేషన్ కౌంటరు నాది.
పొద్దస్తమానం ఊరెళ్లేవాళ్ల పేర్లు కొడతాను.
పార్వతీపురం, పాలకొండ, కిటికీ పక్క సీటు.
ఒక్క పేరు కొట్టించుకోడానికి
ఇంత తిరగాలని ఇప్పుడే తెలిసింది.

కార్పొరేషన్ కుళాయి ఐదుంపావుకి దగ్గుతుంది,
ఓసారి తుమ్ముతుంది, ఆ తర్వాతే నీళ్లు.
పోర్టు వైపు కిటికీ తీసి డ్యూటీకెళ్తే
సాయంత్రం గచ్చు మీద నా పాదాలు నల్లగా అచ్చుపడతాయి.
లిఫ్టు లేని మూడో అంతస్తుకి
సిలిండరు మోసుకొచ్చిన కుర్రాడికి యాభై ఇచ్చాను.
లెక్కల పుస్తకంలో "గ్యాసు" అని రాసి,
కొట్టేసి,
"మెట్లు" అని రాశాను.

రంగులేసే అప్పలసూరి
వంటింటి తలుపు వెనక గోకబోయి ఆగాడు.
"ఏటో లెక్కలమ్మా, ఉంచీమంటారా?"
పెన్సిలు తేదీలు, తలెత్తు నుంచి మోకాలెత్తు దాకా.
సిలిండరు పెట్టిన రోజు, అయిపోయిన రోజు.
పదకొండు రోజులు. పన్నెండు. మళ్లీ పదకొండు.
ఒక్క మనిషికి పదకొండు రోజులేమిటి?

"టిఫిన్లమ్మా. లోకోషెడ్డు పొద్దుటి షిఫ్టుకి ఇడ్డెన్లు.
ఇంటి సిలిండరు మీద. తప్పే అనుకో" అంది వరహాలు,
చట్నీ గుర్తొచ్చి కాసేపు ఆగి.

ఆ వరసలో ఒక చోట
12-10-14 అని ఉంది,
పక్కన 16-10-14.
నాలుగే రోజులు.
నేనూ ఈ ఊరిదాన్నే, ఆ తేదీ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
స్తంభాలు రోడ్ల మీద పడుకున్నాయి,
కైలాసగిరి ఆకులన్నీ రాల్చేసి గోధుమరంగులో నిలబడింది,
చుక్క పాలకి మా నాన్న ఊరంతా సైకిలు తొక్కాడు.
అప్పుడు ఈ గోడ పక్కన
ఒక పొయ్యి నాలుగు రోజులు ఆర్పకుండా వెలిగింది.
ఎంతమంది, ఎవరెంతిచ్చారు, ఆ లెక్క గోడ మీద లేదు.
అడిగితే వరహాలు
"అందరం మెట్ల మీదే కూకుని తిన్నాం" అంది,
చీపురు తీసుకుని ఆ మెట్లే ఊడ్చుకుంటూ కిందికెళ్లిపోయింది.

తలుపు వెనక ఆ జానెడు వెడల్పు వదిలెయ్యమన్నాను.
ఆవిడ చివరి తేదీ కింద నాది రాయాలంటే
గచ్చు మీద చతికిలబడాలి.
కూర్చుని రాశాను.
యాభై రోజులైంది, ఇంకా మండుతోంది.
ఒక్కదాన్నే కదా.

మీటరు కుర్రాడు నెలనెలా కింద నుంచే కేకేస్తాడు
"సన్నేసమ్మగోరూ!" అని.
మొదటి నెల, నేను కాదని మూడంతస్తులు దిగి చెప్పొచ్చాను.
రెండో నెల బాల్కనీలోంచి చెప్పాను.
మూడో నెల, పప్పు కలుపుతూ,
"ఆఁ, వస్తన్నా" అన్నాను.

బోటు ఒడ్డుకొచ్చింది, కాగితమొచ్చింది,
మొన్న ఫోనుకి కబురొచ్చింది, పేరు మారిందట.
సవరవిల్లి హైమావతి,
ఒక దీర్ఘం తక్కువగా.
నూనె గిన్నె నింపి పట్టుకెళ్తే వరహాలు
"దీనికి కూడా లెక్కేనేటమ్మా" అని తీసుకుంది.

ఇవాళ మీటరు కుర్రాడు కొత్త పేరుతో పిలిచాడు.
రెండుసార్లు పిలిచాడు.
ఎవరినో అనుకుని
కుక్కరు మూడో కూత దాకా పలకలేదు.