ఏడో నంబరు కుర్చీ

ప్రతి మార్చి చివర్లో
ఈదీబజార్‌లో సైకిల్ షాపు మీది గదికి
లెక్కలు చూడ్డానికి పోతాను.
మెట్లు నిటారు, తాడు పట్టుకుని ఎక్కాలి.
బోర్డు మీద పైన ఉర్దూ, కింద తెలుగు.
'మదద్ సొసైటీ'లో ఒత్వం ఊడిపోయి
ససైటీ అయి చాలా కాలమైంది.

ముంతజిబ్ సాబ్
ముషీరాబాద్ డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన వేళ్లతో
వోచర్ల కట్ట విప్పుతాడు.
"చాయ్ ముందా, చివాట్లు ముందా?"
చివాట్లే ముందంటాను.

రశీదు లేని ఖర్చు రశీదు లేని ఖర్చే.
ఆంబులెన్సుకు డీజిల్ సరే,
ఉస్మానియా దవాఖాన నుంచి నారాయణపేటకు
ఒక శవాన్నీ ముగ్గురు మనుషుల్నీ తోలిన రాత్రి
దారిలో నాలుగు చాయ్‌లు, ఒక టైరు.
ఊరు గడిలో ఊరుంది. పేరు గడిలో గీత.
"ఏడ్చే మనిషిని పేరెట్ల అడగాలె సాబ్?
తల ఏ దిక్కు పెట్టాలెనో అడిగిన, గంతే."
ఆ జవాబుకి నా దగ్గర పద్దు లేదు.
'ఇతరములు' అని రాసుకున్నాను.

జమ వైపు
సైకిల్ షాపు డబ్బాలో పది రూపాయల బిళ్లలు.
ముర్గీ దుకాణం, శుక్రవారం శుక్రవారం, నూటాయాభై.
కుట్టు సెంటర్ ఆడపిల్లలు
సర్కారు బడి యూనిఫాంలు కుట్టి మిగిల్చింది.
అది నఫీసా ఆపా పైసలతో సహా రాస్తుంది,
మగవాళ్ల కూడికలు నమ్మదు.
రంజాన్ నెలలో ఒక్కసారి నిండుతుంది పుస్తకం.
మిగతా పదకొండు నెలలు
ఆ నిండిందాన్నే కొరుక్కు తింటుంది.

ఒకసారి స్టేషన్ నుంచి ఇద్దరొచ్చి
డబ్బెక్కడిదని అడిగితే
సాబ్ టేబుల్ మీద డబ్బా బోర్లించాడట.
బిళ్లలు లెక్కపెట్టేసరికి మధ్యాహ్నమైందట.
నవ్వుతూనే చెప్తాడు.
చెప్పాక కళ్లద్దాలు మాత్రం
చాలాసేపు తుడుచుకుంటాడు.

ఔలియాలేం కారు వీళ్లు.
ఫ్రీజర్ బాక్సు కొనాలా, బోరు వేయించాలా అని
రెండేళ్లు మాట్లాడుకోని వాళ్లున్నారు కమిటీలో.
మినిట్స్ పుస్తకంలో ఒకచోట
'స్టూలు విసరబడినది' అని కూడా ఉంది.

ఇక స్టాకు రిజిస్టరు.
నిచ్చెనలు రెండు. ఆక్సిజన్ సిలిండర్లు ఆరు.
మూసీ పొంగినప్పుడు చాదర్‌ఘాట్ పోయిన నీళ్ల డ్రమ్ములు
పదకొండు పోయి తొమ్మిదొచ్చాయి.
చక్రాల కుర్చీలు పన్నెండు.
లోపలున్నవీ బయటున్నవీ కలిపితే పదకొండు.

ఏడో నంబరు.
మూడేళ్లుగా దాని ఎదురుగా ఉర్దూలో ఒకటే మాట.
మూడేళ్లుగా నేను ఆ వరుస దగ్గరికి రాగానే
దగ్గుతాను, పేజీ తిప్పుతాను.

సైదాబాద్‌లో, మా బాల్కనీలో ఉంది అది.
లిఫ్టు పనిచెయ్యని ఆసుపత్రి నుంచి
నాన్నని ఇంటికి తెచ్చిన రోజు
ఎవరో కుర్రాడు స్కూటీ మీద అడ్డంగా పట్టుకొచ్చి
సంతకం కూడా తీసుకోకుండా పోయాడు.
అప్పటినుంచే వీళ్ల దగ్గర ఫీజు వద్దంటున్నాను.
నా లోపలి ఖాతాలో అది చెల్లు కాలేదింకా.

నాన్న లేడు.
అమ్మ ఆ కుర్చీని పొద్దున ఎండలోకి తోస్తుంది,
ఎండ ముదిరితే నీడలోకి.
కుడి చక్రం కీచుమంటుంది.
ఇచ్చేద్దామా అంటే "రేపు" అంటుంది.
అందరి రశీదులూ అడిగే నేను
ఆమెను ఏ రేపు అని అడగలేదు.

ఈసారి తెగించి ఆ ఉర్దూ మాట మీద వేలు పెట్టాను.
"ఇక్కడేం రాశారు?"
కింద షాపులో ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్నారు.
ఆ చప్పుడు ఆగేదాకా ఆగి
"ఇస్తేమాల్ మే హై" అన్నాడు సాబ్.
వాడుకలో ఉంది.

వోచర్లు మళ్లీ కట్ట కట్టి, ముడి బిగించి,
నా వైపు చూడకుండా
"కుడి చక్రంల జర నూనె పొయ్యుండ్రి.
ఆ నంబరుది మొదట్నుంచీ మొండిదే."

సంతకం పెట్టి, తాడు పట్టుకుని దిగాను.
సైకిల్ షాపులో చిన్న నూనె బుడ్డి,
పదిహేను రూపాయలు.
రశీదు అడగలేదు.