రెండో బాకా

లాబ్రడార్ తీరంలో మా ఊరి ముందు
సముద్రం ఆర్నెల్లు నేలవుతుంది.
ఆ నేలకు పగుళ్ళు ఎక్కడెక్కడున్నాయో
ఏ ఒక్కడికీ పూర్తిగా తెలియదు.
వేటనుంచి వచ్చినవాడల్లా
దుకాణం గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ
తను చూసిన పగులు ఒకటి చెప్పిపోతాడు.
అలా పుడుతుంది మాకు దారి.

మందిరం బాజా బృందంలో నాది రెండో బాకా.
ఇంట్లో ఒక్కణ్ణే సాధన చేస్తే
మూడే స్వరాలు, మధ్యలో పొడుగాటి ఖాళీ.
"సీలుకి కడుపునొప్పి మొదలైంది" అంటుంది అమ్మ.
అది కీర్తనేనని
ఆదివారం దాకా నాకూ నమ్మకం ఉండదు.

ఫిబ్రవరిలో బోయస్ తిరిగొచ్చాడు,
మంచుబండి ఇంజను చచ్చిపోతే
తెల్లటి చీకట్లో రెండు రాత్రులు నడిచి.
కాలివేళ్ళు మూడు పోయాయి.
"అదృష్టం" అన్నాడు
టీలో బిస్కెట్టు ముంచుకుంటూ.

సాక్ష్యాల వేళ కర్ర ఊతంగా లేచి
మళ్ళీ అదే మాట. అదృష్టం.
కూర్చోబోతుంటే సబీన అంది:
"ఆ రాత్రి పాపకి పళ్ళొస్తున్నాయి.
ఏడుపు మానదు. వంటింటి దీపం తెల్లార్లూ ఆర్పలేదు."
"పసుపు దీపమా?"
"దీపం తెలుపే. పరదా పసుపు."
రెనాటస్ తల ఎత్తకుండా చెప్పాడు:
"తాగి ఉన్నాను. ఏడింటికి కొట్టాల్సిన గంట
మూడింటికే కొట్టేశాను. మీరంతా చివాట్లు పెట్టారు కదా,
ఆ రాత్రే."

బోయస్ చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.
"గంట వినబడ్డ వైపు తిరిగాను.
తర్వాత పసుపు చుక్క కనబడింది."

సంఘపెద్ద నోట్లోంచి
'స్తోత్రం' సగం బయటికి వచ్చి
ఆగిపోయింది.
మూడో బెంచీలో తబేయా ఉంది.

ఆమె కొడుకు డిసెంబరులో వెళ్ళాడు
అదే మంచు మీదికి, అదే గంట కిందనుంచి.
వెతికాం. పదకొండో రోజు దొరికాడు.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.
దగ్గు వచ్చినవాళ్ళు కూడా దగ్గలేదు.
దేవుడి పేరు అందరి నాలుకల మీదా
ఉప్పుగల్లులా ఉంది,
మింగలేం, ఉమ్మలేం.
బోయస్‌కి అందిన చెయ్యి
ఆ పిల్లవాడికి ఎందుకు అందలేదో
చెప్పగలనన్నవాణ్ణి నేను నమ్మను.

ఆమె లేచింది. కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.
వెళ్ళిపోతుందనుకున్నాం.

"నా కిటికీలోనూ దీపం ఉంది, డిసెంబరులో.
వాడికి కనబడలేదు.
దానికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరా లేదు,
ఉందనుకుని ఇవ్వబోకండి.
కానీ నేల రాయై గడ్డపార దిగకపోతే
రెండు పగళ్ళు, రెండు రాత్రులు
వంతులేసుకుని మంట పెట్టారే,
వాడు పడుకునే చోటు మెత్తబడాలని.
ఎవరింటి కట్టెలు వాళ్ళు తెచ్చారు.
ఈ బోయస్ తన పాత పడవ పలకలు ఊడదీసి తెచ్చాడు.
అప్పుడు నాకు పొగ తప్ప ఏమీ కనబడలేదు.
ఇప్పుడు సబీన దీపం సంగతి చెబుతుంటే
ఆ మంట గుర్తొచ్చింది.
అదేమిటో మీరు చెప్పండి.
నా ఒక్కదానికీ అంతుపట్టదు."

ఎవరూ చెప్పలేదు.
బోయస్ కుంటుకుంటూ వెళ్ళి
ఆమె బెంచీ చివర కూర్చున్నాడు.
సబీన పాపని ఆ ఒళ్ళోంచి ఈ ఒళ్ళోకి
ఎవరు అందించారో చూడలేదు నేను.
సంఘపెద్ద కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు,
ఆ రోజు ప్రసంగం లేదు.

ఆర్గన్ దగ్గరి ముసలాయన కనుబొమ ఎగరేశాడు.
బాకా ఎత్తాను. చలికి ఇత్తడి పెదాలను పట్టుకుంది.
మూడు స్వరాలు. పొడుగాటి ఖాళీ.
ఆ ఖాళీలో పక్కవాళ్ళు
ఏం వాయిస్తున్నారో వింటూ నిలబడ్డాను.

తబేయా పాడలేదు.
కోటు బొత్తాలు
పైనుంచి ఒకటొకటే విప్పుతోంది.