పదకొండు నిమిషాలు

గుంతకల్లు లోకో షెడ్డులో నా మొదటి ఉద్యోగం
జనాన్ని నిద్ర లేపడం.
కాల్ బాయ్ అంటారు.
చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్కు,
వీధికి నాలుగు కుక్కలు.
రెండు గంటలకు గూడ్సు కదలాలంటే
ఒంటిగంటకే డ్రైవరు తలుపు కొట్టి
సంతకం పెట్టించుకోని రావాల.

మెల్విల్ హెండ్రిక్స్ దొర ఇంట్లో
లేపే పని ఉండేది కాదు.
ఆయన ముందే లేచి,
బొగ్గుమసి వదలని ఆ బూట్లనే మళ్ళీ తుడుస్తా
గ్రామఫోను పెట్టుకోనుండేవాడు.

ఆ రాత్రి మాఘమాసం చలి.
కొట్టబోయిన చెయ్యి గాల్లోనే నిల్చిపోయింది.

లోపల, కింది గొంతుతో
ఒక తీగ మొదలుపెట్టింది,
పిల్లలు లేస్తారని
మొగుడూ పెండ్లాలు అర్ధరాత్రి మాట్లాడుకున్నట్ల.
ఇంకోటి కలిసింది. ఇంకా పది. ఇంకా ఎన్నో.
భజనలు విన్నోణ్ణి,
పీర్ల పండక్కి తాషాల మోత విన్నోణ్ణి,
ఇంతమంది కలిసి
ఇంత మెల్లగా మాట్లాడేది నేనెప్పుడూ వినలేదు.
అంతలో ఒక ఊదేది
(దాని పేరు ఓబో అని తెలిసేదానికి ఇరవై ఏండ్లు పట్టింది)
చెనిగ చేలో తప్పిపోయిన గొర్రెపిల్ల మాదిరి అరిచింది.
తక్కినోళ్ళంతా దాన్ని వెతుక్కుంటా పోయినారు.

ఆ తలుపు ఎట్ల కొడతావప్పా?

గూడ్సు పదకొండు నిమిషాలు లేటు.
కారణం రాసియ్యమన్నాడు ఫోర్మను.
"కుక్కలు అడ్డమొచ్చినాయి" అని రాసిచ్చినా.
ఒకరోజు జీతం పాయ.
దొర మాత్రం సంతకం పెడతా
గడియారం చూసి, నన్ను చూసి,
"ఏం ఉరుకుందూ, బైట సలి లేదా మ్యాన్?" అన్నాడు, అంతే.
అది ఎవరిదని అడిగేంత ఇంగ్లీషు నాకు లేదు.
ఎండాకాలానికి ఆయన క్వార్టర్సు ఖాళీ చేసి
ఆస్ట్రేలియాకు పాయ.

రిటైరైనాక,
అద్దం పగిలిన ఫోన్లో వెతకబట్టి తొమ్మిదేండ్లు.
ఆ పాట దొరకలేదు గానీ
దారిలో ఎంతమంది ఎదురైనారో!
హైడన్ నవ్విస్తాడు.
పెండ్లి బంతిలో కొసరి కొసరి వడ్డించే
మామ లాంటోడు.
బ్రామ్స్ మబ్బు కమ్ముతుంది, కమ్ముతుంది,
మా అనంతపురం మబ్బు మాదిరి,
కానీ ఆయనది కురుస్తుంది.
బ్రుక్నర్ దగ్గర ఓపిక కావాల,
సిగ్నల్ ఇయ్యని ఔటర్లో నిలబడినట్ల.
ఇచ్చినాడంటే మాత్రం స్టేషనంతా దీపాలే.
డ్వోర్జాక్‌కు రైళ్ళంటే పిచ్చంట.
అది తెలిసిన రోజు
ఎవరికన్నా చెప్పుకుందామని
షెడ్డు దాకా నడిచిపోతి. షెడ్డు లేదు.

ఒక్కోసారి తాళాలు కొట్టేవాడినే తల్చుకుంటా.
నలభై నిమిషాలు చేతులు కట్టుకోని కూర్చుంటాడు.
వాడు కొట్టేది రెండే దెబ్బలు.
లెక్క తప్పితే పరువు పోతుంది.
వాడు నాకు బాగా తెలుసు.
గేటు కాడ పచ్చజెండా పట్టుకోని
రాయదుర్గం లైన్లో నిలబడినోడు వాడే.

నెమ్మది భాగాలన్నీ టైం చూసుకుంటా వింటి.
ఒకటి తొమ్మిది నిమిషాలు. ఒకటి పదమూడు.
పదకొండువి కూడా ఉన్నాయి.
ఏదీ అది కాదు.

నిన్న రాత్రి ఒక అనుమానం వచ్చింది.
ఎప్పుడో వినేసినానేమో,
చెవిలోనే పెట్టుకోని విన్నందుకు
గుర్తుపట్టలేదేమో!

ఫోను గూట్లో పెట్టి, సౌండు పెంచి,
బయటికొచ్చి తలుపేసినా.
టెంకు చెక్కకు చెవి ఆనించి నిలబడినా.

"ఒంటిగంటప్పుడు వాకిట్లో ఏం చేస్తాండావు?"
కిటికీలోంచి నాగవేణి.

చెయ్యి పైకెత్తి
ఉండమన్నా.