చిటికెనవేలి పని

జూట్ మిల్లు కూత ఆగాక
నెల్లిమర్ల మేడగదిలో ఎడిటర్ సెట్టింగులు తెరిచాను.
కంట్రోల్, షిఫ్ట్, కుడి బాణం:
పది వేళ్లూ ఉన్నవాళ్లెవరో కట్టిన వరస.

నా ఎడమ చిటికెనవేలు
ఏడో ఏట చెరకు గానుగలో పోయింది.
ఆ పూట పాకమంతా పారబోశారని
అమ్మ ఇప్పటికీ అంటుంది.
వేలి ఊసెత్తదు.

షిఫ్ట్ చాకిరీ బొటనవేలికి అప్పగించాను.
స్పేసు పక్క ఆల్ట్‌తో ఒక్క నొక్కు, మాట.
ఇంకో నొక్కు, బ్రాకెట్ల మధ్యనున్నదంతా.
మూడో నొక్కుకి ఫంక్షన్ మొత్తం
చంపావతిలో విసిరిన వలలా
నీలంగా విచ్చుకుంది.

వారం దాకా
లేని వేలే ముందు కదిలేది.

గది పంచుకునే తవిటేసు
నా కీబోర్డు మీద చెయ్యేసి బిత్తరపోయాడు.
"ఇదేటి గురూ, ఏటి నొక్కితే ఏటొస్తంది?
దీనికి దెయ్యం గాని పట్టిందేటి?"
నవ్వి ఊరుకున్నాను.

బళ్లో నీళ్ల గ్లాసు ఎన్నిసార్లు జారిందో
ఈ చేతిలోంచి.

ఈ రాత్రి మూడొందల లైన్లు పట్టాను.
కాపీ చెయ్యలేదు, చెరపలేదు.
ఒక్క అక్షరం జారలేదు.
అలా పట్టుకునే
కాసేపు కూర్చున్నాను.