పది దినాల వీధి

పెద్దాసుపత్రిలో చీటీ రాసిన డాక్టరమ్మ
"పది దినాలు కర్నూల్లోనే ఉండాల,
దినామూ చెవి చూపించాల" అనింది.
యాడ ఉండాలో చీటీలో రాయలేదు.

బస్టాండు ఎదురుగా బోర్డు:
ఫ్యామిలీ రూములు కలవు.
దాని కిందనే బ్రాందీ షాపు,
మెట్ల మీద కాళ్ళు చాపుకొని ముగ్గురు.
ఫ్యామిలీ ఎవరిదో అడగలేదు.
"రేటు తక్కువ కదా" అన్నాడు మా ఆయన.
నేను సంచి ఎత్తి చంకన పెట్టుకున్నా.
ఆ మనిషికి తెలుసు,
సంచి చంకనెక్కితే ఇంక మాట లేదని.

నా కొడుకు ఉరుకుందు.
పేరులోనే ఉరుకు ఉంది.
ఆరేండ్లొచ్చినా చెవుల్లోకి మాత్రం ఊరు రాలేదు.
వెనక లారీ మోగినా వానికి అది ఎండ లాంటిదే,
ఉంటాది, పిలవదు.
ఫ్యాను తిరుగుతాదా, బాత్రూములో నీళ్ళొస్తాయా
అని మా ఆయన అడుగుతాంటే
నేను చూసింది రోడ్డును.

మధ్యాన్నం సి క్యాంపు వైపు పోయినాం.
చెట్లు బాగుండాయి, గేట్లు బాగుండాయి,
గేటు మీద కుక్క బొమ్మ గూడా బాగుంది.
ఒక్క గడపలోనూ మనిషి లేదు.
పిల్లోడు పడితే లేపేదెవరు,
తప్పిపోతే తోలుకొచ్చేదెవరు?
ఆ కుక్క బొమ్మనా?

రాజ్‌విహార్ దగ్గర లాడ్జీ.
మూడో అంతస్తు. కిటికీ పెద్దది, ఊచలు లేవు.
కింద ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటా.
ఎక్కిన మెట్లే దిగినాం.

మా నాయన ఎద్దును కొనేముందు
పండ్లు చూసేటోడు కాదు,
నీళ్ళ తొట్టి కాడ పక్క ఎద్దుతో ఎట్ల నిలబడతాదో చూసేటోడు.
వీధిని గూడా అట్లే చూడాల.
పగలు కాదు,
దీపాలు పెట్టే యాళకు.

బుధవారపేట సందులోకి తిరిగినామో లేదో
కరెంటు పోయింది.
ఎవరూ తలుపులు మూసుకోలేదు,
తెరుచుకొని బయటికొచ్చినారు.
మంచమొకరు, చాపొకరు, విసనకర్రకు అట్టముక్కొకరు.
ఒక ముసలాయన బీడీ ఆర్పేసి
మాకు దోవ ఇచ్చినాడు.
ఇద్దరాడపిల్లలు ఆ చీకట్లోనే
సైకిలు నేర్చుకుంటాండారు, పడతా, నవ్వుకుంటా.
దండెం మీద లంగాలు, నైటీలు, స్కూలు సాక్సులు,
ఎవరి భయమూ లేక ఊగుతాండాయి.

నిలబడి ఇదంతా చూస్తాంటే
"ఓమ్మా, గీత మీద నిలబడినావ్!"
అరిచిందొక పిల్ల, ఎనిమిదేండ్లుంటాయేమో.
కిందికి చూస్తే బొగ్గుతో గీసిన తొక్కుడుబిళ్ళ,
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.
మోటరు సైకిలాయన బండి దిగి
గీతలు చెరగకుండా అంచున తోసుకుంటా పోయినాడు.

సంచి కింద పెట్టినా.

షంషాద్‌బీ ఇంటి ముందుగది.
అడ్వాన్సు అడగలేదు, పిల్లోని పేరు అడిగింది.
"వానికి వినపడదమ్మా" అన్నా మెల్లిగా.
ఆమె గడప దిగి సందు చివరిదాకా అరిచింది:
"ఈ పిల్లోనికి చెవుడంట,
బండ్లోళ్ళు చూసుకోండ్రీ!"
సిగ్గుతో సచ్చిపోయినా.
ఆ రాత్రి
వాని చొక్కా కొస నా వేలికి చుట్టుకోకుండా నిద్రపోయినా,
ఎన్నేండ్లకో.

అన్నీ బాగుండాయని కాదు.
నీళ్ళు రెండు దినాలకొకసారి. దోమలు.
ఎదురింటి టీవీలో పదకొండు దాకా
ఎవరో ఒకరు ఏడుస్తానే ఉంటారు.
"బస్టాండు లాడ్జీ అయితే దినానికి నూరు మిగిలేది"
అని మా ఆయన ఏడు దినాలు అన్నాడు.
ఎనిమిదోనాడు ముసలాయనతో పులిజూదం మొదలుపెట్టి
ఆ లెక్క మరిచిపోయినాడు.

పదోనాడు కట్టు విప్పినారు.
"తొందరపడద్దు, మెల్లగా తెలుస్తాది" అనింది డాక్టరమ్మ.

మూటలు కడతాంటే సందు మొదట్లో ఆటో ఆగింది.
మొగుడూ పెండ్లామూ, తువ్వాలలో పసిబిడ్డ.
ఆమె దిగలేదు.
దండెం చూసింది, దాని మీద నా చీర.
గడప చూసింది, దాని ముందర నా చెప్పులు.
ఒంటికాలి మీద ఎగురుతాండే నా కొడుకును
చానాసేపు చూసింది.
తర్వాత ఒక కాలు కింద పెట్టింది.

"ఓమ్మా," అని అరిచినా నేను,
"గీత చూసుకొని దిగు!"